వణుకు తగ్గించిన మాత్రే పేకాట అంటించిందా? డోపమైన్ దారుల సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. చిత్తూరు దగ్గర మీ ఊరు, నాయనకు పార్కిన్సన్స్. మాత్రలతో వణుకు బాగా తగ్గింది. నిరుడు ఇంకో కొత్త మాత్ర కలిపారు. ఆ తర్వాత కొన్ని నెలలకు, పుట్టి బుద్ధెరిగి పేకముక్క ముట్టని మనిషి రాత్రిళ్లు మామిడి తోట దగ్గర అందర్ బాహర్ ఆడటం మొదలుపెట్టారు. కాయలకు ఇచ్చిన అడ్వాన్సు కూడా పోగొట్టారు. డాక్టరేమో డోపమైన్ తక్కువైంది అన్నారు, యూట్యూబులో చూస్తే వ్యసనం అంటే డోపమైన్ ఎక్కువ కావడం అంటున్నారు. ఒకే మనిషికి తక్కువా ఎక్కువా రెండూ ఎట్లా ఉంటాయి అని అడిగారు. ఇంటర్ చదివే మీ అబ్బాయి రీల్స్ పిచ్చికి 'డోపమైన్ ఫాస్టింగ్' పనిచేస్తుందా అన్నది రెండో ప్రశ్న.

నేను తిరుపతిలో నరాల జబ్బుల డాక్టరుని. చాలా ఏళ్లుగా పార్కిన్సన్స్ రోగులను చూస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను.

ఆ పేకాట కొత్త మాత్ర వల్ల వచ్చినదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అట్లాగని మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. ఈ వారంలోనే ఆ మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, వణుకు సంగతి కంటే ముందు పేకాట సంగతి చెప్పండి. తక్కువా ఎక్కువా ఒకేసారి ఉండటంలో వింతేమీ లేదు. డోపమైన్ ఒకటే గానీ అది పోయే దారులు వేరు. జబ్బు ఒక దారిని పాడుచేస్తుంది, మాత్ర అన్ని దారుల్లోకీ పోతుంది.

ఇక వివరంగా. డోపమైన్ 'ఆనందాన్నిచ్చే రసాయనం' అని ఎక్కడో చదివే ఉంటారు. ఆ మాట కాసేపు పక్కన పెట్టండి. అది ఒక నాడీకణం ఇంకో కణానికి పంపే కబురు, అంతే. ఆ కబురుతో ఏం జరుగుతుందన్నది అది చేరిన చోటును బట్టి ఉంటుంది. మన మెదడులో నాడీకణాలు దాదాపు 8,600 కోట్లు. డోపమైన్ తయారుచేసేవి వాటిలో కొన్ని లక్షలే. అయితే ఒక్కో కణం కొమ్మలు రెమ్మలుగా చీలి లక్షల చోట్లకు కబురు అందిస్తుంది, అందుకే ఇంత తక్కువ కణాలు పోయినా మనిషి మొత్తం మారిపోతాడు. ఈ కణాల్లో ఎక్కువ భాగం నడిమెదడులో పక్కపక్కనే రెండు గుంపులుగా ఉంటాయి: ఒకటి సబ్‌స్టాన్షియా నైగ్రా, రెండోది వీటీఏ అని పొట్టిగా పిలుచుకునే వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా.

మొదటి దారి, కదలికది. నైగ్రా నుంచి మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగానికి, ముఖ్యంగా అందులోని ప్యుటామెన్‌కు పోతుంది. మెడికల్ కాలేజీలో నడిమెదడును అడ్డంగా కోసి చూపించినప్పుడు నైగ్రా మామూలు కంటికే కనిపిస్తుంది, రెండు వైపులా ఒక్కో నల్లటి చార. పార్కిన్సన్స్‌తో పోయినవాళ్ల మెదడులో ఆ చార వెలిసిపోయి, వెతుక్కుంటే గానీ కనిపించదు. మీ నాయన చెయ్యి మొదటిసారి వణికిన నాటికే ఆ కణాల్లో సగం దాకా పోయి ఉంటాయి. ప్యుటామెన్‌కు అందే డోపమైన్ అంతకంటే ఎక్కువే తగ్గి ఉంటుంది.

స్ట్రయేటమ్‌లో రెండు రకాల కణాలు ఉన్నాయి. డీ1 గ్రాహకాలు (కణం మీద డోపమైన్ కబురును అందుకునే చోట్లు) ఉన్నవి కదలికను ముందుకు తోస్తాయి, డీ2 గ్రాహకాలున్నవి దాన్ని ఆపుతాయి. డోపమైన్ వచ్చి మొదటివాటిని లేపుతుంది, రెండోవాటిని తగ్గిస్తుంది. అది లేనప్పుడు ఆపే కణాలదే పైచేయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టడం, సంతకం రానురాను చిన్నదైపోవడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకుండా పక్కకు అంటుకుపోవడం అన్నీ దీనివల్లే. చాలామంది వణుకునే జబ్బు అనుకుంటారు. నేనైతే రోగి కుర్చీలోంచి లేచే తీరు, గుమ్మం దాటే తీరు ముందు చూస్తాను.

ఈ ఊళ్లో ప్రాక్టీసు చేస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇంట్లో నున్నటి బండల మీద రెండడుగులు వేసి కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయే మనిషి, అలిపిరి మెట్లు మాత్రం తడబడకుండా ఎక్కుతాడు. ఇంట్లోవాళ్లకు ఇది నటనలా కనిపిస్తుంది. నటన కాదు. తలవకుండా జరిగిపోయే నడకకు నైగ్రా దారి కావాలి. కళ్లెదుట ఒక్కో మెట్టూ కనిపిస్తుంటే, చూసి వేసే అడుగుకు మెదడు వేరే మార్గాలు వాడుకుంటుంది. అందుకే ఇలా ఆగిపోయేవాళ్లకు ఇంట్లో నడిచే చోట అడుగుకొక రంగు టేపు అడ్డంగా అంటించమని చెబుతాం. అట్లాగని ఆయన్ను కొండకు నడిపించమని కాదు. దిగేటప్పుడు పడే ప్రమాదం ఉంది, ఈ జబ్బులో నిలబడితే బీపీ పడిపోవడమూ మామూలే.

రెండో దారి, మీ అసలు ప్రశ్న ఉన్నది ఇక్కడే. వీటీఏ నుంచి స్ట్రయేటమ్ కింది భాగానికి, న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోటుకు పోతుంది. దీన్నే 'ఆనందపు దారి' అని అమ్ముతున్నారు. ప్రయోగాల్లో తేలింది వేరు. డోపమైన్ దాదాపు మొత్తం తీసేసిన ఎలుకలు తిండి వెతుక్కోవు, పక్కనే పెట్టినా పస్తుండి చస్తాయి. వాటి నోట్లో తీపి వేస్తే మాత్రం ఎప్పటిలాగే ఇష్టంగా నాకుతాయి. అంటే రుచి నచ్చడం పోలేదు, కావాలని కదలడం పోయింది. పేకాటకు పోయే నా రోగుల్లో చాలామంది చెప్పేదీ ఇదే: 'సరదాగా ఏం లేదు సార్, పొద్దు గూకితే కూర్చోలేను, పోవాల్సిందే.'

వుల్ఫ్రామ్ షుల్ట్‌జ్ అనే శాస్త్రవేత్త కోతుల నడిమెదడులో ఒక్కో డోపమైన్ కణాన్నీ విడిగా గమనించాడు. ఊహించని పళ్లరసం చుక్క నోట్లో పడగానే కణం గట్టిగా స్పందించింది. దీపం వెలిగితే రసం వస్తుందని కోతి నేర్చుకున్నాక, కణం దీపానికే స్పందించి రసానికి ఊరుకుంది. దీపం వెలిగీ రసం రాకపోతే, సరిగ్గా రావాల్సిన ఆ క్షణంలో కణం మామూలుగా చేసే సడి కూడా ఆపేసింది. అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడానే ఈ కణాలు చెబుతున్నాయన్న మాట. ఆ తేడాతోనే మనం ఏది మళ్లీ చేయాలో, ఏది మానాలో నేర్చుకుంటాం. 2003లో అదే బృందం ఇంకో సంగతి చూపించింది. బహుమతి వస్తుందో రాదో సగానికి సగం అనుమానం ఉన్నప్పుడు, ఎదురుచూసే ఆ కొద్ది సేపట్లో ఈ కణాల చురుకు అన్నిటికంటే ఎక్కువగా పెరుగుతుంది. అందర్ బాహర్ ఎట్లా ఆడతారో మీకు తెలుసు. ముక్క లోపల పడుతుందా, బయట పడుతుందా, దాదాపు సగం సగం.

మరి డబ్బు పోతుంటే బుద్ధి రాదా అంటారు. దానికీ జవాబుంది, మీ ఇంటి గొడవకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే అనుకుంటున్నాను. 2004లో మైకేల్ ఫ్రాంక్, ఆయనతో పనిచేసినవాళ్లు పార్కిన్సన్స్ రోగులతో ఒక చిన్న ఎంపికల ఆట ఆడించారు. మాత్ర వేసుకోనప్పుడు వాళ్లు తప్పుల నుంచి బాగా నేర్చుకున్నారు. మాత్ర వేసుకున్నాక గెలుపుల నుంచి బాగా నేర్చుకున్నారు, ఓటముల నుంచి నేర్చుకోవడం తగ్గింది. ఓడినప్పుడు డోపమైన్ ఒక్క క్షణం పడిపోవాలి, అదే పాఠం. బయటి నుంచి మాత్ర రోజంతా గ్రాహకాలను తాకుతూ ఉంటే ఆ పడిపోవడం మెదడుకు అందదు. కాబట్టి ఆయన్ను నిలబెట్టి 'సిగ్గు లేదా, ఎంత పోయిందో లెక్క చూసుకో' అని తిట్టడం వల్ల పెద్దగా ఫలితం ఉండదు. లెక్క ఆయనకు తెలుసు.

ఇప్పుడు తక్కువా ఎక్కువా ఒకేసారి ఎట్లా అన్నది. పార్కిన్సన్స్ మొదట్లో కదలిక దారిని బాగా దెబ్బతీస్తుంది, పక్కనున్న రెండో దారిని చాలావరకు వదిలేస్తుంది. వణుకు తగ్గాలంటే ఎండిపోయిన దారికి సరిపడా మందు ఇవ్వాలి. తోట ఉన్నవాళ్లు గనక మీకు ఇట్లా చెబితే తెలుస్తుంది: మడవలన్నీ తెరిచి ఉన్న కాలవలో, ఎండిన మడి తడిసేదాకా నీళ్లు వదిలితే, పదును ఆరని పక్క మడి మునుగుతుంది. రోగులందరికీ ఇట్లా జరగదు. 2010లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో మూడు వేల మందికి పైగా రోగులను చూస్తే, సుమారు 14 శాతం మందిలో జూదం, అతిగా కొనడం, అతిగా తినడం, అదుపులేని లైంగిక కోరిక వీటిలో ఏదో ఒకటి కనిపించింది. డోపమైన్ అగోనిస్టులు వాడేవాళ్లలో 17 శాతం, వాడనివాళ్లలో 7 శాతం.

అగోనిస్టు అంటే ఏమిటో చెప్పాలి. పార్కిన్సన్స్ మందుల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. లెవోడోపా మెదడులోకి పోయి డోపమైన్‌గా మారుతుంది. డోపమైన్‌ను నేరుగా ఇస్తే రక్తం నుంచి మెదడులోకి పోలేదు, అందుకే ఈ చుట్టుదారి. దారిలోనే మారిపోయి వాంతులు రాకుండా కార్బిడోపా కలుపుతారు. రెండో రకం ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటివి. ఇవి డోపమైన్‌గా మారవు, తామే గ్రాహకాలకు అతుక్కుంటాయి. వీటికి డీ3 అనే గ్రాహకం మీద మక్కువ ఎక్కువ, ఆ డీ3లు దట్టంగా ఉండేది రెండో దారి చివర. నిరుడు కలిపిన మాత్ర పేరు ఈ రెండిట్లో ఒకటేమో చూడండి. నా పందెం దాని మీదే. (ఈ జవాబులో ఇది రాయకూడని మాట, తెలుసు.)

అన్నీ జూదంగానే రావు. నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డు మాస్టారు రేడియోలు విప్పి, స్క్రూలన్నీ సైజు వారీగా కాగితం మీద పేర్చి, మళ్లీ కలిపి, మళ్లీ పేర్చేవారు. తెల్లవారుజాము దాకా అదే పని. భార్య 'పాపం ఏదో కాలక్షేపం' అనుకుంది. పుత్తూరు వైపు నుంచి వచ్చే ఇంకొకావిడ నెలకొకసారి చీరలు కొనడం కాస్తా రోజుకొకటి అయింది, మడత విప్పకుండానే బీరువాలో పెట్టేది. ఇద్దరికీ మాత్ర నెమ్మదిగా తగ్గించి లెవోడోపాను సర్దితే కొన్ని వారాల్లో తగ్గిపోయింది. చెప్పడానికి సిగ్గుపడే రకాలు ఇంకా ఉన్నాయి, ముఖ్యంగా లైంగిక విషయాల్లో. భార్యలు ఏడాది పాటు నోరు విప్పని ఇళ్లు చూశాను. అమ్మను విడిగా, మెల్లగా అడగండి.

ఎందుకు ఆపొద్దన్నానంటే, అగోనిస్టు ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన ఆందోళన, చెమటలు, నిద్రలేమి, మళ్లీ ఆ మాత్రే కావాలన్న తపన వస్తాయి. లెవోడోపా ఒక్కసారిగా ఆపితే ఇంకా ప్రమాదం. ఒళ్లు కొయ్యబారి, జ్వరం ఎక్కి ప్రాణం మీదికి రావచ్చు.

మూడో దారి వీటీఏ నుంచి నుదుటి వెనకున్న మెదడు పొరకు పోతుంది. పని మొదలుపెట్టడం, మనసు నిలపడం దీని మీద చాలావరకు ఆధారపడతాయి. జబ్బు ముదిరితే ఏ పనికీ లేవని స్తబ్ధత వస్తుంది. అది బద్ధకమూ కాదు, ఎప్పుడూ దిగులూ కాదు.

నాలుగోది చిన్నది. హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి. ఇక్కడ డోపమైన్ పని ఒకటే, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోనును అదుపులో పెట్టడం. చిన్న దారే గానీ, మన దగ్గర దీని పేరుతో జరిగే గందరగోళం చిన్నది కాదు. కడుపుబ్బరానికి, గ్యాస్‌కు ఇచ్చే మాత్రల్లో లెవోసల్పిరైడ్ కలిపినవి ఎన్నో. అది డీ2 గ్రాహకాలను మూసేస్తుంది. పెళ్లికాని అమ్మాయికి నెలసరి ఆగి, రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయని కంగారుగా తీసుకొస్తారు. స్కానింగులన్నీ అయిపోయాక, సంచిలోంచి గ్యాస్ మాత్ర బయటపడుతుంది. అదే మాత్ర ముసలివాళ్లు నెలల తరబడి మింగితే మొదటి దారి కూడా మూతపడి అచ్చం పార్కిన్సన్స్‌లా కనిపిస్తుంది. పలమనేరు నుంచి ఒక పెద్దాయన్ను కుర్చీలో మోసుకొచ్చారు, ముఖంలో కదలిక లేదు, చొంగ కారుతోంది. ఎవరో ఒకసారి రాసిచ్చిన గ్యాస్ మాత్రను అంగట్లో కొనుక్కుంటూ ఏడాదిగా పరగడుపున వేసుకుంటున్నాడు. అది ఆపించాం. కోలుకోవడానికి నెలలు పట్టింది గానీ తన కాళ్ల మీద తానే నడిచి వచ్చాడు. తల తిరుగుడుకు ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే పని చేయగలవు. మీ నాయనకు వాంతులు, గ్యాస్, తల తిరుగుడు ఏది వచ్చినా, పార్కిన్సన్స్ ఉందని చెప్పకుండా మాత్ర కొనొద్దు. వాంతులకు సాధారణంగా మేం డోంపెరిడోన్ వాడతాం, అది మెదడులోకి పెద్దగా పోదు. అయినా గుండె జబ్బు ఉంటే అదీ అడిగే వేసుకోవాలి.

నాటు మందుల సంగతి కూడా చెప్పాలి, ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు కాబట్టి. దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. దాన్ని ఆ గింజల నుంచి వేరుచేసి 1937లో అచ్చువేసింది మనకు దగ్గరి మద్రాసులో పనిచేసిన దామోదరన్, రామస్వామి. పార్కిన్సన్స్‌కు అది మందవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు. డోపమైన్ కథలో ఇంకో మన మొక్క సర్పగంధి. దాని వేరు నుంచి తీసిన రిసర్పిన్ ఇస్తే కుందేళ్లు చెవులు వాల్చేసి కదలకుండా పడి ఉన్నాయి. 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ వాటికి లెవోడోపా ఎక్కిస్తే కాసేపట్లోనే లేచి తిరిగాయి. ఆ పరిశోధనలకే 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇంత చెప్పినా, దూలగొండి పొడిని మాత్రకు తోడుగా వాడొద్దనే అంటాను. పొట్లంలో ఎంత లెవోడోపా ఉందో తెలియదు, పైన మాత్ర ఉండనే ఉంది. కొందరు మాత్ర చాలడం లేదని ఇట్లా రహస్యంగా డోసు పెంచుకుంటూ పోతారు, అది కూడా రెండో దారి జబ్బే. నాయన దగ్గర పొడి డబ్బా ఏమైనా ఉందేమో చూడండి.

తిండి విషయం రెండు మాటల్లో. లెవోడోపా, మాంసకృత్తులు రెండూ పేగులోనూ మెదడు గుమ్మంలోనూ ఒకే దారి కోసం పోటీపడతాయి. గుడ్డు, పప్పు, మాంసంతో కలిపి మాత్ర వేసుకుంటే ఆ పూట మాత్ర పనిచేయలేదనిపిస్తుంది. తిండికి అరగంట ముందు వేసుకోవాలి. సంగటి, చట్నీతో పెద్ద ఇబ్బంది లేదు. సంగట్లోకి కోడికూర అయితే రాత్రికి పెట్టుకోమని చెబుతుంటాను. ఐరన్ మాత్రలూ దానితో కలిపి వేయొద్దు. అరటిపండులో డోపమైన్ ఉందని తినిపించేవాళ్లున్నారు. ఉంది, కానీ మెదడుకు చేరదు. రక్తంలో డోపమైన్ పరీక్ష చేయించి కూడా మెదడు సంగతి తెలుసుకోలేం, డబ్బు దండగ.

మీ అబ్బాయి విషయం వేరు. వాడి దారులన్నీ బాగానే ఉన్నాయి, వాడికి జబ్బు లేదు. తర్వాతి రీల్ బాగుంటుందో లేదో తెలియని ఆ అనుమానమే వేలిని ముందుకు తోస్తుంది, అంతవరకు అందర్ బాహర్‌కు దగ్గరి చుట్టమే. అయితే 'డోపమైన్ ఫాస్టింగ్' అంటూ ఒక రోజు ఫోను మానేస్తే డోపమైన్ నిల్వ నిండుతుందనడం ఉత్త మాట, అట్లాంటి నిల్వ ఏదీ ఖాళీ కాలేదు. ఒక రోజు కఠినంగా మానిపించి మర్నాడు చేతికిచ్చే బదులు, కోరికను లేపే గుర్తులను తీసేయండి. నోటిఫికేషన్లు ఆపేయడం, చదివే గదిలో ఫోను లేకపోవడం, రాత్రి ఛార్జింగు హాల్లో పెట్టడం. ఇవి రోజూ జరిగితేనే పనిచేస్తాయి. మీరూ హాల్లోనే పెట్టాలి మరి.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో ఉన్న అన్ని మాత్రల పట్టీలూ, గ్యాస్‌వీ, పొడులూ కూడా ఒక సంచిలో వేసుకుపోండి. కొత్త మాత్ర ఏ నెలలో మొదలైంది, ఎప్పుడెప్పుడు పెంచారు, పేకాట ఎప్పటి నుంచి అన్నవి కాగితం మీద పక్కపక్కన రాయండి. గదిలో పిల్లలో పిల్లులో ఉన్నట్టు కనిపిస్తున్నాయా అని ఆయన్ను అడిగి అదీ రాయండి, మందు ఎక్కువైతే అట్లా కనిపిస్తాయి. మందు సర్దేదాకా పెద్ద డబ్బు ఆయన చేతికి రాకుండా చూడాలి. ఆయనతో మాట్లాడి ఒప్పించే చేయండి, దొంగచాటుగా వద్దు. తగ్గించే రోజుల్లో వణుకు కొంత తిరిగి రావచ్చు, దానికి బెదిరి మళ్లీ పాత డోసుకు పోకండి, డాక్టరుకు ఫోను చేయండి. కొత్త మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఇక్కడ కింద రాస్తే నేను చూసి చెప్పగలిగింది చెబుతాను. డోసు మార్చడం మాత్రం ఆయన్ను ఎదురుగా చూసే డాక్టరే చేయాలి.